తాత్కాలిక స్టోమాకు ఒక తారీఖు ఉండాలి

“పొట్ట మీద సంచి పెడతాం, కానీ టెంపరరీయే. రెండు మూడు నెలల్లో లోపల పెట్టేస్తాం.” మలాశయ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు చెప్పే వాటిలో ఇంటివాళ్ళకు గట్టిగా గుర్తుండేది ఇదొక్కటే. మిగతావన్నీ భయంలో కొట్టుకుపోతాయి. నెదర్లాండ్స్‌లో 1996-99 మధ్య పేషెంట్లను చేర్చుకున్న పెద్ద ట్రయల్‌లో, ఇలా తాత్కాలికమని పెట్టిన స్టోమాలు (మలం సంచిలోకి పోయేలా పేగును పొట్ట మీదికి తెచ్చి తెరిచే ద్వారాలు) తర్వాత ఏమయ్యాయో లెక్క తీశారు. 19 శాతం ఎన్నటికీ మూయనే లేదు. అయిదుగురిలో ఒకరికి ఆ “టెంపరరీ” జీవితాంతం మిగిలింది.

స్టోమా వద్దని నేను అనడం లేదు. అవసరమైన చోట అది ప్రాణం నిలబెడుతుంది. నేను అడిగేది ఒక్కటే: మూసే తేదీ చెప్పలేని స్టోమాను తాత్కాలికం అనకండి. ఆ తేదీ గురించి ముందే ఆలోచించాల్సి వస్తే, అసలు ఎవరికి పెట్టాలన్న నిర్ణయం దగ్గర నుంచి ఇంటికి పంపే రోజు చెప్పే జాగ్రత్తల దాకా చాలా మారుతుంది.

అసలు ఎందుకు పెడతారో చూద్దాం. పెద్ద పేగు చివర, మలద్వారానికి పైన ఉండే సుమారు 15 సెం.మీ. భాగం మలాశయం, డాక్టర్ల మాటల్లో రెక్టమ్. అక్కడ గడ్డ ఉంటే మలాశయంతో పాటు దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరను కూడా చెక్కుచెదరకుండా తీయాలని ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో చెప్పారు. టోటల్ మీసోరెక్టల్ ఎక్సిషన్ అనే ఆ పద్ధతి వచ్చాక క్యాన్సర్ అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గింది. దానికో మూల్యం ఉంది. కింద మిగిలే పేగు ముక్క పొట్టిది, దానికి అందే రక్తం తక్కువ. పైనుంచి దింపిన పెద్ద పేగును దానికి స్టేప్లర్‌తో అతికిస్తారు. ఇరుకైన కటి ఎముకల మధ్య, కంటికి సరిగా ఆనని లోతులో ఉంటుంది ఆ అతుకు. అది పూర్తిగా మానకపోతే మలం కటిలోకి కారుతుంది. దాన్నే లీకు అంటారు.

స్వీడన్‌లో 21 ఆసుపత్రులు కలిసి, అతుకు మలద్వారం నుంచి 7 సెం.మీ. లోపు ఉన్న 234 మందిని రెండు గుంపులు చేసి చూశాయి. 2007లో వచ్చిన ఫలితం ఇది: స్టోమా పెట్టినవాళ్ళలో లక్షణాలతో బయటపడిన లీకు 10.3 శాతం, పెట్టనివాళ్ళలో 28 శాతం. అర్జెంటుగా మళ్ళీ కడుపు తెరవాల్సి వచ్చింది 8.6 శాతానికి, 25.4 శాతానికి. ఇంత తేడా కనిపించాక, కింది అతుకులకు స్టోమా వద్దని వాదించడం కష్టం. పైగా ఆ పేషెంట్లనే ఇంకొన్నేళ్ళు గమనిస్తే, లీకైనవాళ్ళలో సగానికి పైగా శాశ్వత స్టోమాతోనే మిగిలారు. లీకును ఆపగలిగితే శాశ్వత సంచిని కూడా ఆపినట్టే.

ఇక్కడ ఒక సంగతి సరిగా అర్థం చేసుకోవాలి. స్టోమా అతుకును మాన్పదు. మానడానికి కావలసింది రక్తప్రసరణ, పేగు బిగుసుకుని లాగకుండా ఉండడం, పేషెంటు ఒంట్లో పోషణ. మలాన్ని పైనే బయటికి మళ్ళించి, అతుకు కాస్త విడినా ఒళ్ళంతా చీము పాకకుండా చూడడమే స్టోమా చేసే పని. అందుకే పేగు దింపడంలో జరిగిన లోపాన్ని స్టోమా కప్పిపెట్టలేదు. ఎడమ వైపు పెద్ద పేగును ప్లీహం దగ్గర మలుపు దాకా విడదీసి కిందికి తేకపోతే అతుకు మీద లాగుడు పడుతుంది. అలాంటి అతుకుకు స్టోమా కాపలా పెట్టినా అది విడుతుంది, తర్వాత సన్నబడి మూసుకుపోతుంది, ఇక స్టోమాను మూయడానికి వీలుండదు.

మరి ఎవరికి పెట్టాలి? అతుకు మలద్వారానికి 5, 6 సెం.మీ. లోపు ఉంటే, ముందు రేడియేషన్ ఇచ్చి ఉంటే, కటి ఇరుకుగా ఉండే మగవాళ్ళయితే, పొగ తాగేవాళ్ళయితే, స్టెరాయిడ్లు వాడుతుంటే, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా తక్కువుంటే, అతికించాక గాలి పంపి చూసినప్పుడు నీటిలో బుడగలు వస్తే పెట్టాలి. వీటిలో రెండు మూడు కలిసినచోట సందేహించకూడదు. కానీ గడ్డ మలాశయం పై భాగంలో ఉండి, అతుకు 10 సెం.మీ. పైన పడి, రేడియేషన్ లేని మనిషికి “ఎందుకైనా మంచిది” అని పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ మనిషికి రెండో ఆపరేషన్, నెలల తరబడి సంచి, కిడ్నీల మీద భారం అన్నీ ఖాయం. దక్కే లాభం మాత్రం చాలా చిన్నది.

ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్ళకు వేరే దారులు ఉన్నాయి. ఘోస్ట్ ఇలియోస్టమీలో చిన్న పేగు మడతకు ఒక మెత్తటి టేపు చుట్టి, చర్మం కింద దాకా తెచ్చి ఆపుతారు. లీకైతే దాన్ని బయటికి లాగి తెరుస్తారు, కాకపోతే కొన్ని రోజుల తర్వాత టేపు లాగేస్తారు. ఈ దారిలో వెళ్ళాలంటే ఆపరేషన్ తర్వాత 3, 4, 5 రోజుల్లో సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ పట్టిచ్చే రక్తపరీక్ష) వరసగా చూడాలి. అది 150 చుట్టుపక్కల నుంచి దిగకపోతే, గుండె వేగం పెరిగితే, జ్వరం కోసం ఎదురుచూడకుండా సీటీ స్కాన్ చేయాలి. రాత్రి రెండు గంటలకు స్కాన్ తీసి, తెల్లారేలోపు థియేటర్‌కు తీసుకెళ్ళగల ఆసుపత్రికే ఇది నప్పుతుంది. ఆ ఏర్పాటు లేని చోట పనిచేసే సర్జన్ స్టోమా వైపు మొగ్గితే నేను తప్పు పట్టను.

తాత్కాలిక స్టోమాల్లో ఎక్కువగా పెట్టేది లూప్ ఇలియోస్టమీ. చిన్న పేగు చివర, పెద్ద పేగులో కలిసే చోటుకి సుమారు 20, 30 సెం.మీ. ముందున్న మడతను పొట్ట కుడి కింది భాగంలో బయటికి తెస్తారు. కన్నం రెండు వేళ్ళు పట్టేంత. అంతకంటే బిగువుగా ఉంటే అక్కడే పేగు అడ్డుపడుతుంది, వదులైతే హెర్నియా వస్తుంది. పై నుంచి వచ్చే కొసను చొక్కా చెయ్యి మడిచినట్టు వెనక్కి తిప్పి, చర్మం నుంచి రెండున్నర సెం.మీ. ముక్కులా నిలబెడతారు. 1952లో బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయన్ బ్రూక్ చూపించిన పద్ధతి ఇది. ఈ ముక్కు లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. చిన్న పేగు రసంలో జీర్ణ ఎంజైములు ఉంటాయి, చర్మానికి తగిలితే కొన్ని గంటల్లో పుండు చేస్తాయి. ముక్కు ఉంటే రసం నేరుగా సంచిలో పడుతుంది. లోపల మడత మెలిపడినా, పై కొస, కింది కొస తారుమారైనా అనర్థమే. అందుకే కడుపు మూసే ముందు కింది కొసకు ఒక గుర్తు కుట్టు వేయాలి.

చోటు ఎంచుకోవాల్సింది థియేటర్ బల్ల మీద కాదు, ముందు రోజే. పేషెంటును పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూడాలి. పడుకున్నప్పుడు చదునుగా కనిపించే చోటు కూర్చుంటే మడతలోకి వెళ్ళిపోవచ్చు. చీర కుచ్చిళ్ళు దోపే చోటు, లంగా బొందు, పంచె ముడి, బెల్టు, పాత ఆపరేషన్ మచ్చ, బొడ్డు, వీటన్నిటికీ దూరంగా ఉండాలి. పేషెంటు తల వంచితే తన కళ్ళకు కనిపించాలి. కనిపించకపోతే జీవితంలో ఒక్కసారి కూడా తన సంచి తాను మార్చుకోలేరు. ఆసుపత్రిలో స్టోమా నర్సు ఉంటే ఈ పనంతా ఆమె చూసుకుంటుంది. లేకపోతే సర్జనే పది నిమిషాలు కేటాయించి మార్కర్‌తో గుర్తు పెట్టాలి. అర్జెంటు ఆపరేషన్ కానప్పుడు గుర్తు లేకుండా స్టోమా పెట్టడం క్షమించరాని బద్ధకం.

ఇక ఇంటికి వెళ్ళాక. ఇలియోస్టమీతో వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఆసుపత్రిలో చేరడానికి పెద్ద కారణం ఒంట్లో నీరు, ఉప్పు పోవడం. చిన్న పేగు దాటి వచ్చిన నీటిని పీల్చుకునేది పెద్ద పేగు. దాన్ని పక్కకు తప్పించాం కాబట్టి, సర్దుకున్నాక కూడా రోజుకు 500 నుంచి 1000 మి.లీ. బయటికి వస్తుంది. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ. అందులో లీటరుకు వంద మిల్లీమోల్ పైచిలుకు సోడియం ఉంటుంది. 24 గంటల్లో 1500 మి.లీ. దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలి. 2 లీటర్లు దాటి, మూత్రం తగ్గి, నిలబడితే కళ్ళు తిరుగుతుంటే ఇంట్లో కూర్చోకూడదు. దీనికి ఇంట్లో ఒక కొలత జగ్గు, ఒక నోటుపుస్తకం ఉండాలి. “చాలా వస్తోంది” అనే మాట ఫోన్‌లో విన్న డాక్టరుకు ఉపయోగపడదు, “నిన్న 1800 మి.లీ.” అంటే ఉపయోగపడుతుంది.

మన ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. దాహమేస్తుంటే చెంబులకు చెంబులు మంచినీళ్ళు, కొబ్బరిబోండాలు తాగిస్తారు. ఎక్కువగా పోతున్న మనిషికి ఉప్పు లేని నీళ్ళు ఇస్తే, పేగు గోడల నుంచి సోడియం ఆ నీటిలోకి దిగి, దాన్ని వెంటేసుకుని సంచిలోకి పోతుంది. ఎంత తాగితే అంత పోతుంది, దాహం తీరదు. కొబ్బరినీళ్ళలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. కిడ్నీలు అప్పటికే దెబ్బతింటే ఆ పొటాషియం గుండెకు ప్రమాదం. మంచినీళ్ళు, టీ, జ్యూసులు అన్నీ కలిపి రోజుకు లీటరు లోపు ఉంచి, మిగతాది ఓఆర్‌ఎస్‌తో నింపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్ కొనాలి, దాని మీద ఎన్ని నీళ్ళు రాస్తే అన్నే కలపాలి. రుచి కోసం పల్చన చేస్తే పని చేయదు. అట్టపెట్టెలో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటి మీద ఆ పేరు వాడొద్దని చెప్పింది. ఆ పోరాటం పిల్లల కోసం జరిగినా, స్టోమా ఉన్నవాళ్ళకూ అంతే అవసరం.

ఇంకా ఎక్కువగా పోతుంటే లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి ద్రావణం ఉంది: లీటరు నీటికి గ్లూకోజు 20 గ్రాములు, ఉప్పు మూడున్నర గ్రాములు, వంట సోడా రెండున్నర గ్రాములు. ఇందులో సోడియం లీటరుకు 90 మిల్లీమోల్, మామూలు ఓఆర్‌ఎస్‌లో 75. వంటింటి గరిటెలతో కాకుండా కొలత చెంచాలతో కలపాలి. ఉప్పు వేసిన గంజి, ఉప్పు వేసిన మజ్జిగ కూడా మంచివే. బీపీ ఉందని ఏళ్ళుగా ఉప్పు తగ్గించుకున్న పెద్దవాళ్ళు స్టోమా పెట్టాక కూడా చప్పిడి తింటూ కూర్చుంటారు. బీపీ మాత్రలు, ముఖ్యంగా టెల్మిసార్టాన్, రామిప్రిల్, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, వీటిని ఎప్పుడు ఆపాలో డిశ్చార్జి రోజే రాసివ్వాలి. ఒంట్లో నీరు లేనప్పుడు బీపీ, మూత్రం మాత్రలు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి, మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తుంది. ఇంటికి వెళ్ళిన వారానికి క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం పరీక్ష చేయించాలి. రోహిణి కార్తెలో పొలం పనికో, మేస్త్రీ పనికో పోయే మనిషికి, కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్న మనిషికి ఇలియోస్టమీ బదులు లూప్ కొలాస్టమీ (పెద్ద పేగు మడతతో పెట్టే స్టోమా) పెట్టొచ్చా అని సర్జన్ ఒకసారి ఆలోచించాలి. కొలాస్టమీ లావుగా ఉంటుంది, వాసన ఎక్కువ, బయటికి జారడమూ ఎక్కువే. కానీ నీరు అంతగా పోదు.

విరేచనం చిక్కబరచడానికి లోపెరమైడ్ ఇస్తారు. దాన్ని భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే సగం ప్రయోజనమే. మెల్లగా కరిగే రకం మాత్రలు సంచిలో అలాగే పడితే డాక్టరుకు చెప్పాలి, మందు ఒంటికి పట్టకపోయి ఉండొచ్చు.

తిండిలో నిషేధాల జాబితా నేను ఇవ్వను. మొదటి ఆరేడు వారాలు మాత్రం పీచు ఉండలు కట్టే వాటితో జాగ్రత్త: తేగలు, మునక్కాడ పిప్పి, మొక్కజొన్న పొత్తు, పచ్చికొబ్బరి ముక్కలు, పుట్టగొడుగులు, కమలా తొనల పై పొర. పొట్ట గోడలో పేగు దాటే చోట వాపు ఇంకా ఉంటుంది, ఉండ అక్కడ ఇరుక్కుంటుంది. సంచిలోకి ఏమీ రాకుండా కడుపు మెలిపెడుతూ వాంతులవుతుంటే, లోపెరమైడ్ ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

సంచి విషయానికొస్తే, 1954లో ఎలీస్ సోరెన్సెన్ అనే డెన్మార్క్ నర్సు, స్టోమా పెట్టాక ఇల్లు కదలడానికి భయపడుతున్న తన చెల్లెలి కోసం చర్మానికి అంటుకునే సంచిని ఊహించింది. ఇప్పుడు దొరికేవన్నీ దానికి వారసులే. సంచిని చర్మానికి అంటించే ప్లేటుకు కన్నం స్టోమా కంటే 2, 3 మి.మీ. మాత్రమే పెద్దగా కత్తిరించాలి. మొదటి 6-8 వారాల్లో స్టోమా వాపు తగ్గి చిన్నదవుతుంది కాబట్టి ప్రతివారం కొలిచి కత్తిరించాలి. డిశ్చార్జి రోజు కొలతతోనే నెలల తరబడి కత్తిరిస్తూ, చుట్టూ బయటపడిన చర్మం మండిపోతుంటే “ఈ కంపెనీ పడలేదు” అనుకునేవాళ్ళు ఎక్కువ. ప్లేటు మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. కడగడానికి మామూలు నీళ్ళు చాలు. డెట్టాల్, స్పిరిట్, కొబ్బరినూనె వద్దు. నూనె రాస్తే ప్లేటు అంటుకోదు. తుడిచేటప్పుడు కాస్త రక్తం కనిపిస్తే భయం లేదు. స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే వెంటనే చూపించాలి. మలద్వారం నుంచి అప్పుడప్పుడు జిగురు రావడం మామూలే. అది కింది పేగు తయారుచేసే జిగురు.

తేదీ సంగతికి వస్తాను. అంతా సవ్యంగా ఉంటే 8 నుంచి 12 వారాల్లో మూయొచ్చు. కానీ ఆపరేషన్ తర్వాత కీమో ఉంటే లెక్క మారుతుంది. అది మొదలవడానికి 6-8 వారాలు, నడవడానికి 3 నుంచి 6 నెలలు, ముగిశాక ఒక నెల విరామం. “మూడు నెలలు” అన్నది అలా తొమ్మిది నెలలవుతుంది. మూడు రోజులకో ప్లేటు చొప్పున తొంభై ప్లేట్లు. కీమోలో వాడే కేపసిటబిన్ విరేచనాలు తెస్తుంది, ఇలియోస్టమీ ఉన్నవాళ్ళను అది రెండింతలు పీల్చేస్తుంది. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొన్ని రోజులు చల్లనివి తాకినా, తాగినా గొంతు పట్టేసినట్టు అవుతుంది కాబట్టి ఓఆర్‌ఎస్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఈమధ్య కీమో, రేడియేషన్ అంతా ఆపరేషన్‌కు ముందే పూర్తిచేసే పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. దాని మంచిచెడ్డల్లో స్టోమా త్వరగా మూయగలగడాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. నా దృష్టిలో పేషెంటుకు అది చిన్న లాభం కాదు.

ఇంకా ముందే మూయడం మీద డెన్మార్క్, స్వీడన్ డాక్టర్లు చేసిన ట్రయల్ 2017లో వచ్చింది. అతుకు బాగుందని పరీక్షలో రుజువైనవాళ్ళకు 8 నుంచి 13 రోజుల మధ్యే మూస్తే, తర్వాతి ఏడాదిలో సమస్యలు తగ్గాయి. బాగా ఎంపిక చేసిన పేషెంట్లలో వచ్చిన ఫలితమిది, అందరికీ అంటగట్టకూడదు. అయినా నెలల తరబడి ఆగడం ప్రకృతి నియమమేమీ కాదని అది చూపించింది.

మూయకుండా మిగిలిపోయిన వాటిలో కొన్నిటికి న్యాయమైన కారణం ఉంటుంది: లీకు మానలేదు, క్యాన్సర్ పాకింది, మనిషి ఇంకో ఆపరేషన్‌కు తట్టుకోలేడు. మిగతావి ఎవరూ తేదీ వేయకపోవడం వల్ల మిగిలినవి. కీమో డాక్టరు సర్జన్ పిలుస్తాడనుకుంటాడు, సర్జన్ కీమో అయ్యాక వాళ్ళే వస్తారనుకుంటాడు. క్యాన్సర్ ఆపరేషన్ల వరసలో మూసే ఆపరేషన్ ఎప్పుడూ వెనకే పడుతుంది. అందుకే డిశ్చార్జి కాగితంలో నాలుగు సంగతులు రాసి ఉండాలి: అతుకు పరీక్ష ఏ వారం, మూయడం ఏ నెల, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి, మొదటి ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగితే దీనికి ఏ కాగితాలు కావాలి. చివరిది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాయించుకోవాలి.

మూసే ముందు వేలితో పరీక్ష, కింది నుంచి చిన్న ఎండోస్కోపీ, కాంట్రాస్ట్ ఎనీమా ఎక్స్‌రే (మలద్వారం గుండా ఎక్స్‌రేలో కనిపించే మందు పంపి తీసేది) చేస్తారు. అతుకు సన్నబడిందా, పక్కన సంచిలాంటి ఖాళీ ఉందా చూస్తారు. మలం వెళ్ళని అతుకు బిగుసుకుపోతుంటుంది, కొందరికి వేలితోనే వెడల్పు చేయొచ్చు. మూసే ఆపరేషన్ చిన్నదేనని తేలికగా చెబుతారు కానీ, అక్కడా పేగును కుట్టాలి, అక్కడా లీకు కావచ్చు, కొన్ని రోజులు పేగు కదలకపోవచ్చు, తర్వాత ఆ చోట హెర్నియా రావచ్చు.

మూశాక రోజులు సులువుగా ఉంటాయని చెప్పి పంపడం మోసం. మలాన్ని నిలవ ఉంచే మలాశయం ఇప్పుడు లేదు. రోజుకు ఎనిమిది పదిసార్లు వెళ్ళడం, వెళ్ళిన పావుగంటకే మళ్ళీ వెళ్ళడం, ఆపుకోలేకపోవడం చాలామందికి ఉంటుంది. దీనికి లార్స్ అని పేరు. 2012లో డెన్మార్క్ డాక్టర్లు అయిదు ప్రశ్నలతో 0 నుంచి 42 దాకా స్కోరు తయారుచేశారు, 30 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం. లోపెరమైడ్, ఇసబ్‌గోల్, మలద్వార కండరాల వ్యాయామం, మంటకు జింక్ ఆక్సైడ్ క్రీము, చాలనివాళ్ళకు కింది నుంచి నీటితో పేగు కడిగే పరికరం, ఇవన్నీ పనికొస్తాయి. ఏడాది, రెండేళ్ళ దాకా మెరుగుపడుతూ ఉంటుంది. వ్యాయామం స్టోమా ఉన్న నెలల్లోనే మొదలుపెట్టాలి, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే మేలు.

ఎనభై ఏళ్ళు దాటి, మలద్వార కండరాలు వదులైపోయి, మంచం నుంచి బాత్‌రూమ్‌కు ఇంకొకరి సాయంతో వెళ్ళే మనిషికి మూయకపోవడమే మంచి నిర్ణయం కావచ్చు. అప్పుడు ఆ మాట సూటిగా చెప్పాలి: ఇది ఇక శాశ్వతం. చెప్పాక ఇలియోస్టమీని అలాగే వదిలేయనక్కర లేదు. ఇంకో ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకుంటుందనిపిస్తే, ఎడమ వైపు ఎండ్ కొలాస్టమీగా (పెద్ద పేగు కొసతో పెట్టే స్టోమాగా) మార్చొచ్చు. మలం గట్టిగా, రోజుకు ఒకటి రెండుసార్లే వస్తుంది. ఉప్పునీళ్ళ లెక్కలు, కొలత జగ్గు ఇక అక్కర్లేదు.